ఊపిరి వినపడని గొంతు

ఆ చలికాలం మా ఇంట్లో ఎవరూ ఎవరినీ పూర్తిగా నమ్మలేదు. పంచాయతీ ఎన్నికలు వచ్చాయి కాబట్టి మామయ్య ఊరిని నమ్మలేదు, ఊరు మామయ్యను నమ్మలేదు. నేను మా ఆయన్ను నమ్మలేదు. అయితే వీటన్నిటికంటే ముందు, కోతలు ఇంకా సగంలో ఉండగానే, నేను ఒక గొంతును నమ్మలేకపోయాను. అంతా అక్కడే మొదలైంది.

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. అది జీతం కోసం. ఇష్టం కొద్దీ 'కొత్త చెవి' అనే వెబ్ పత్రికకు ఆల్బమ్ సమీక్షలు రాస్తాను. సినిమా పాటల గురించి కాదు. ఏ కంపెనీ అండా లేకుండా ఇంట్లోనో అద్దె గదిలోనో రికార్డు చేసుకుని, తమంతట తాము నెట్‌లో పెట్టుకునేవాళ్ళ పాటల గురించి. తెలుగులో అలాంటివాళ్ళు ఇప్పుడు బాగానే తయారయ్యారు. బాగున్నవి బాగున్నాయనే రాస్తాను గానీ నాకు పేరొచ్చింది మాత్రం బాగాలేని వాటి వల్లే. ఫలానా బాణీ ఎక్కడ ఎత్తుకొచ్చారో, ఫలానా బాధ ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నారో పట్టేస్తానని చెప్పుకుంటారు. పాట వినగానే ముందు అనుమానపడటం నాకు అలవాటైపోయింది.

పత్రిక నడిపే స్వప్న ఒక మధ్యాహ్నం కాలేజీకి ఫోన్ చేసింది. తనది హైదరాబాదు.

"శ్రావణీ, 'ఎసరు' విన్నవా?"

"ఎసరేమిటి?"

"ఆల్బమ్ పేరే గది. పాడినామె పేరు నీలా అట. ఫొటో లేదు, ఊరు లేదు, మెయిల్ పెడితే జవాబు లేదు. ఇక్కడ అందరూ ఒకటే మెచ్చుకునుడు. నాకెందుకో నమ్మబుద్ధి అయితలేదు. నువ్వు విని రాయి."

ఆ సాయంత్రం మేడ మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదటి పాటకే ఒళ్ళు ఝల్లుమంది. తంబూరా లేదు. పిండి రుబ్బే గ్రైండరు చప్పుడును సాగదీసి దాన్నే శ్రుతిగా పెట్టారు. దాని మీద తీగలు కాస్త వదులుగా ఉన్న ఒక గిటారు. దాని మీద ఆ గొంతు. పాటలన్నీ ఒక్క ఇంటి గురించే. దర్వాజ మీద ఒకటి, ఆరేసిన బట్టల మీద ఒకటి, వచ్చిన వాళ్ళందరికీ చాయ్ పోస్తూ పోస్తూ తన పేరు తానే మరిచిపోయిన మనిషి మీద ఒకటి. 'పడక్కుర్చీ' అనే పాట దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను.

నువ్వు లేసిపోయినంక గుడ
నీ లెక్కనే ఉన్నది కుర్చీ
కూసుందామంటే నాకు
జాగ లేదు దాంట్ల

ఇంత బాగుంటే నాకు భయం వేస్తుంది. రెండోసారి విన్నప్పుడు తేడా ఎక్కడుందో తెలిసింది. ఆ గొంతుకు ఊపిరి లేదు. ఎంత గొప్ప గాయని అయినా ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య గాలి పీల్చుకోవాలి కదా. అది వినపడుతుంది. ఇక్కడ మాట అయిపోగానే ఏమీ లేదు, కత్తిరించినట్టు. వయసు కూడా తెలియడం లేదు. ఇరవై అనుకుంటే ఇరవై, యాభై అనుకుంటే యాభై. ఈమధ్య కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెబితే పాట కట్టి, పాడి చేతిలో పెడుతోంది. నీలా అనే మనిషి అసలు లేనే లేదని నాకు గట్టిగా అనిపించింది.

మా ఆయన హరీష్ సీసీ కెమెరాలు బిగిస్తాడు. పని ఎక్కువగా మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో. కోతల కాలంలో ఆదివారాలు కూడా పోతాడు. నేను రాసేవి చదవడు, చదవనని మొహమాటం లేకుండా చెబుతాడు కూడా. అలాంటి మనిషి ఆ పూట భోజనం దగ్గర చపాతీ తుంచుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"గా ఎసరు పాటలు ఎట్లున్నయి?"

నేను ఆయనకు ఎసరు మాట చెప్పనే లేదు.

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే అన్నవ్ గద, ఫోన్ల."

ఆ ఫోన్ వచ్చింది కాలేజీలో. ఆయన ముఖం చూస్తూ అన్నాను, "అవి మనిషి పాడినవి కావు. మిషన్ పాడినవి."

తుంచిన ముక్క ఆయన చేతిలోనే ఉండిపోయింది. "మిషన్ కాదేమో," అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"నాకేం తెలుస్తది. ఊరికే అన్న."

చపాతీ మొత్తం తిన్నాడు, కూర ముట్టకుండా.

*

అత్తగారి ఊరు పెన్‌పహాడ్ దాటాక వస్తుంది. మామయ్య జగదీశ్ ఒకప్పుడు సర్పంచిగా చేశాడు. ఈసారి సీటు మళ్ళీ జనరల్‌కు వచ్చింది, మళ్ళీ నిలబడ్డాడు. గుర్తు కత్తెర. ఎదుటి అభ్యర్థి సంపత్, మా హరీష్ కంటే చిన్నవాడు, ట్రాక్టర్ల షెడ్డు నడుపుతాడు. కాలేజీకి సెలవున్న శనివారం, చేతి సాయానికి రమ్మంటే నేనొక్కదాన్నే వెళ్ళాను.

వాకిలి నిండా మనుషులు. మామయ్య పడక్కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తున్నాడు. మనిషి గేటు దాటిపోగానే పక్కవాళ్ళతో మెల్లగా, "వీడు పొద్దుగాల వాని షెడ్డు కాడ చాయ్ తాగిండు," అంటున్నాడు. గోడ మీద హరీష్ బిగించిన కెమెరాలు కూడా అలాంటి అనుమానంతో పెట్టించుకున్నవే.

వంటింట్లో అత్తయ్య చాయ్ కాస్తోంది. మా అత్తయ్య అహల్య తక్కువ మాట్లాడుతుంది. మోకాళ్ళ నొప్పులు. వారంవారం మిర్యాలగూడలో చెల్లెలింటికి పోయి, ఆసుపత్రిలో మోకాళ్ళకు కరెంటు పెట్టించుకుని వస్తుంది. ఎన్నికల హడావిడిలోనూ అది మాత్రం మానలేదు. నేను కప్పులు కడుగుతుంటే ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు రాస్తవు గద, పాట మంచిగ లేదని. గా పాడినోళ్ళు బాధపడరా?"

"పడతారు అత్తయ్యా. తిడతారు కూడా."

"మరెందుకు రాసుడు?"

"బాగాలేకపోయినా బాగుందని రాస్తే, నిజంగా బాగున్నప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు?"

అత్తయ్య పొంగుతున్న చాయ్ కింద మంట తగ్గించింది. "అయితే అబద్ధం రాయకు," అంది.

ఆ మాట ఎందుకందో ఆలోచించే లోపలే వీధిలోంచి మైకు వినపడింది. సంపత్ ప్రచారం ఆటో. దాంట్లోంచి గ్రైండరు శ్రుతి, వదులు గిటారు. *నువ్వు లేసిపోయినంక గుడ, నీ లెక్కనే ఉన్నది కుర్చీ.* పాత సర్పంచి ఇంటి ముందు కుర్చీ పాట. ఎవరికి తోచిందో గానీ తెలివైన పనే. ఆటో సరిగ్గా మా గేటు ముందు నెమ్మదించింది.

వాకిట్లో మనుషులు లేచారు. "ఆపిచ్చెయ్యాలె అన్న. స్టేషన్ల కంప్లైంట్ ఇద్దాం. ఎవలు పాడిన్రో గూడ పట్టుకుందాం."

నేను వంటింటి గడపలోంచి మామయ్యను చూశాను. కుర్చీ చేతుల మీద వేళ్ళు బిగుసుకున్నాయి. తల కొంచెం పక్కకు వంచి, దూరంగా ఎవరో పిలిస్తే వింటున్నట్టు విన్నాడు. పాట వీధి మలుపు తిరిగి సన్నగిల్లేదాకా అట్లాగే ఉన్నాడు.

"పోనియ్," అన్నాడు. "పాటనే గద."

అంత కోపిష్ఠి మనిషి ఆ మాట అంటే అక్కడెవరికీ నమ్మకం కలగలేదు. నాకూ కలగలేదు. ఓట్ల కోసం ఓర్పు నటిస్తున్నాడనుకున్నాను. వెనక్కి తిరిగితే అత్తయ్య కప్పుల్లో చాయ్ పోస్తోంది. ఒక్క చుక్క కిందపడలేదు.

*

సమీక్ష రాయడానికి కూర్చుంటే ముందుకు సాగలేదు. మిషన్ అని రాయాలంటే ఆధారం కావాలి. మూడో పాట చివర, గొంతు ఆగిపోయాక మిగిలిన ఖాళీలో వాల్యూమ్ పూర్తిగా పెంచి విన్నాను. గ్రైండరు కింద ఇంకేదో మోత. గుండెల్లో తగిలేటట్టు, ఆగకుండా. అది నాకు తెలిసిన మోతే. మిర్యాలగూడ బస్టాండు దాటి ఏ రోడ్డు మీదికి వెళ్ళినా వినపడే రైస్ మిల్లు మోత.

మిర్యాలగూడలో గిటారు వాయించేవాళ్ళు ఎంతమంది ఉంటారు? నాకు తెలిసింది ఒక్కడే. హరీష్ చిన్ననాటి స్నేహితుడు గోపి. మా పెళ్ళిలో వాయించాడు. తీగలు అప్పుడూ వదులుగానే ఉన్నాయి.

హరీష్ స్నానానికి పోయినప్పుడు ఆయన పని సంచీ తెరిచాను. అట్లా తెరవడం అదే మొదటిసారి. కెమెరా వైర్ల కింద ఒక మైకు, దానికి స్పాంజి తొడుగు. ఇంకొంచెం కింద కాగితం పొట్లంలో పటికబెల్లం, మిరియాలు.

మిషన్‌కు పటికబెల్లం అక్కర్లేదు.

అంటే మనిషే. ఆడమనిషి. ఆదివారాలు నాకు తెలియకుండా మా ఆయన ఎదుట కూర్చుని పాడే ఆడమనిషి. ఇంటి మీద, మొగుడి మీద అన్ని పాటలు పాడిన మనిషి. అవన్నీ ఆయనకు ముందే తెలుసు. నాకు ఏమీ తెలియదు.

"ఈ పటికబెల్లం ఎవరికి?" అని అడిగాను, ఆయన తల తుడుచుకుంటూ బయటికొచ్చాక.

"మిల్లు ఓనరుకు. దగ్గట," అన్నాడు.

"మైకు?"

"కెమెరాలకు టెస్టింగు."

రెండూ తడుముకోకుండా చెప్పాడు. తడుముకుని ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం ఆయన బండి మీద వెళ్ళిన కాసేపటికి నేను బస్సెక్కాను. దారంతా రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిర్యాలగూడ దగ్గరపడేకొద్దీ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి. ఆమె వయసెంత ఉంటుంది, ఎట్లా ఉంటుంది, నన్ను చూసి ఏమంటుంది అని అనుకుంటూ వెళ్ళాను. పోట్లాడాలో, పాట బాగుందని చెప్పాలో తెలియలేదు. రెండూ చెయ్యాలని ఉంది.

నేరుగా గోపి వాళ్ళ మిల్లుకే వెళ్ళాను. వాళ్ళ నాన్న పోయాక అది మూతపడింది. పక్కనున్నవి నడుస్తూనే ఉన్నాయి. గేటు దగ్గర హరీష్ బండి. గోపి బయటికొచ్చి నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు.

"వదినా! మీరేంది గిట్ల..."

"లోపల ఎవరున్నారు?"

"హరీష్ ఉన్నడు. పని..."

లోపల్నుంచి పాట వినపడింది. అదే గొంతు. కానీ దీనికి ఊపిరి ఉంది. మాట అయ్యాక లోతుగా గాలి పీల్చుకుంటోంది, చరణం చివర ఛాతీలో ఈలలాంటి సన్నని చప్పుడు. మెట్లెక్కి ఆయాసపడే మనిషి ఊపిరి. అది వినగానే నా కోపానికి కాళ్ళు విరిగినట్టయింది. ఇది నేను ఊహించుకున్న మనిషి కాదు.

ఆఫీసు గది గోడలకు ఖాళీ గోనె సంచులు వేలాడదీసి ఉన్నాయి. మధ్యలో కుర్చీ మీద, మోకాళ్ళు ముందుకు చాపుకుని, కొప్పు మీదుగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని మా అత్తయ్య కళ్ళు మూసుకుని పాడుతోంది. ల్యాప్‌టాప్ ముందు హరీష్. ఆయన నన్ను చూశాడు గానీ పాట మధ్యలో ఆపలేదు. ఆపమని నేనూ అనలేదు.

చరణం అయ్యాక అత్తయ్య కళ్ళు తెరిచింది. కంగారుపడలేదు.

"వాడు జెప్పిండా, నువ్వే వచ్చినవా?"

"నేనే వచ్చాను."

"అయితే కూసో."

కూర్చున్నాను. పాట వినడమే పనిగా పెట్టుకున్నదాన్ని. ఇన్నేళ్ళలో ఆమె నాతో 'తిన్నవా', 'ఎండల పోకు', 'వాడు రాలేదా' అనడమే విన్నాను. అంతకంటే పొడుగు మాట నేను వినలేదు, వినిపించమని అడగనూ లేదు.

హరీష్ మెల్లగా చెప్పుకొచ్చాడు. ఎండాకాలంలో ఊళ్ళో ఇంటికి కెమెరాలు బిగించాడు కదా, వంటింటి కిటికీ పక్కనున్న దాంట్లో మైకు కూడా ఉంది. ఒకరోజు తన దుకాణంలో కూర్చుని సరిగ్గా పనిచేస్తోందో లేదో ఫోన్లో చూస్తుంటే, ఖాళీ ఇల్లు కనపడుతోంది, పాట వినపడుతోంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే అత్తయ్య పాడేది. మామయ్య గేటు తీసే చప్పుడుకు టక్కున ఆగిపోయేది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నేనే వద్దన్న," అంది అత్తయ్య. "నేనని తెలిస్తే నువ్వు పాట మీద రాస్తవా? అత్త మీద రాస్తవు. నాకు నీ నోటితోని నిజం వినాలనుండె. రాసినవా మరి?"

"రాయలేదు. కానీ ఏం రాయాలనుకున్నానో చెబుతాను. అది మనిషి గొంతు కాదని రాద్దామనుకున్నాను. ఎక్కడా ఊపిరి లేదు."

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. "ఊపిరి లేకపోవుడేందిరా?"

హరీష్ తల దించుకున్నాడు. "కట్ చేసిన అమ్మా. గా ఆయాసం వినపడితే ముసలోళ్ళ గొంతని తెలుస్తదని. ఊళ్ళె ఎవలన్న గుర్తుపడ్తరని."

"ముసలిదాన్నే గదరా," అంది అత్తయ్య.

*

మరుసటి వారం నేను చెయ్యబోయి ఆగిన పని శశిధర్ చేశాడు. శశిధర్ హైదరాబాద్‌లో పేరున్న సమీక్షకుడు, నాకంటే చదువరులు చాలా ఎక్కువ. నీలా అనే మనిషి లేదనీ, తెలంగాణ ఆడవాళ్ళ యాసను కంప్యూటర్‌తో దొంగిలించి అమ్ముకుంటున్నారనీ రాశాడు. ఊపిరి సంగతి ఆయన కూడా పట్టుకున్నాడు. నిన్నటిదాకా మెచ్చుకున్న వాళ్ళంతా ఒక్కసారిగా తిట్టడం మొదలుపెట్టారు. పాటలను ఎక్కించుకున్న ఒకటి రెండు సైట్లు వాటిని తీసేశాయి కూడా.

స్వప్న ఫోన్ చేసింది. "నీకు గూడ అనుమానముందన్నవ్ గద. నువ్వెందుకు రాస్తలేవు?"

"నేను రాయకూడదు స్వప్నా. ఆమె నాకు తెలుసు."

"అంటే మనిషేనా?"

"మనిషే."

"రుజువు?"

ఆ ప్రశ్న అత్తయ్యకు చేరవేశాను. ఊళ్ళో పెరట్లో, పప్పు చెరుగుతూ వింది. శశిధర్ రాసింది మొత్తం చదివించుకుంది. దొంగ అన్న మాట దగ్గర చాట పక్కన పెట్టింది.

"ఊపిరి ఉంచి పాటలు మళ్ళ పెట్టుమను హరీష్‌ను," అంది.

హరీష్ బతిమాలాడు. పోలింగు దగ్గర పడింది, ఆ రోజు దాటనిమ్మన్నాడు. ఊపిరి వినపడితే ఊరంతా గుర్తుపడుతుంది, ఆ పాటలు ఎవరి మీదో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది, నాన్న తట్టుకోలేడు అన్నాడు.

"ఓట్లు ఆయనయి," అంది అత్తయ్య. "పాట నాది."

పెట్టారు. శశిధర్ దాని మీద ఏమీ రాయలేదు, తన పాత వ్యాసం మాత్రం తీసేశాడు. గొంతు గుర్తుపట్టడానికి ఊరికి ఆ మాత్రం సమయం కూడా పట్టలేదు. కల్లాల దగ్గర ఆడవాళ్ళు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, రెండో చరణంలో ఆ ఈల ఊపిరి రాగానే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. అహల్యమ్మ.

ఇక ఊళ్ళో నమ్మకం అన్నది లేకుండా పోయింది. సంపత్ మనుషులు ఆటోలో పాట ఆపేశారు. జగదీశే కావాలని పెళ్ళాంతో పాడించి ఆడవాళ్ళ ఓట్లకు గాలం వేశాడనీ, తాము మూర్ఖుల్లాగా దాన్ని ఊరంతా తిప్పామనీ వాళ్ళ అనుమానం. మామయ్య మనుషులది ఇంకో అనుమానం, సంపతే అహల్యమ్మను బుట్టలో వేసుకున్నాడని. వాకిట్లో గుసగుసలు, నేను వెళ్ళగానే ఆగిపోయేవి. అత్తయ్య మాత్రం రోజూలాగే చాయ్ పోసింది. మామయ్య రోజూలాగే తాగాడు. ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు.

పోలింగుకు ముందు, ప్రచారం బంద్ అయిన పొద్దున, వాకిలి ఖాళీగా ఉంది. అత్తయ్య పెరట్లో ఉంది. మామయ్య నన్ను పిలిచాడు.

"అమ్మా శ్రావణీ, గా పాట పెట్టు."

"ఏ పాట మామయ్యా?"

ఆయన నా వైపు చూశాడు. పెట్టాను. ఆయన పడక్కుర్చీలో, నేను అరుగు మీద. పాట మొత్తం విన్నాడు, కదలకుండా. అయిపోయాక గొంతు సవరించుకున్నాడు.

"మిషన్ అని రాసిండట గద ఎవడో."

"అవును మామయ్యా. ఆమెవరో ఆయనకు తెలియదు కదా."

"వానికెట్ల తెలుస్తది. వంటింట్ల పాడితే ఎన్నిసార్లు బంద్ జేయమన్న నేను, గా గొంతును. నాకు గాక ఇంకెవలకు తెలుస్తది?"

"ఆటోలో విన్నప్పుడే తెలిసిందా?"

గేటు వైపు చూస్తూ, "మిషనే అయితే మంచిగుండె," అన్నాడు.

ఆ మాటను నేను ఎన్నో రకాలుగా విని చూసుకున్నాను. సిగ్గుతో అన్నాడా, బాధతో అన్నాడా, ఓట్ల లెక్క మీద అన్నాడా. ఏ గొంతులో ఏముందో చెప్పగలనన్న ధీమా నాకు అప్పటికే పోయింది.

*

మామయ్య ఓడిపోయాడు. ఆడవాళ్ళ ఓట్లు పడక ఓడాడని కొందరు, వాళ్ళవి పడ్డాయి కాబట్టే ఆ మాత్రమైనా వచ్చాయని కొందరు. పాట వల్ల కానే కాదు, సంపత్ వెంట కుర్రాళ్ళు ఉండటం వల్ల అని హరీష్ అంటాడు. అత్తయ్య ఇప్పుడు వారంలో సగం రోజులు మిర్యాలగూడలో చెల్లెలింట్లోనే ఉంటుంది. కరెంటు పెట్టించుకోవడానికి అని ఇప్పుడు చెప్పడం లేదు.

నాకూ హరీష్‌కూ మధ్య సర్దుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఆయన సంచీ నేను తెరిచానని ఆయనకు, తడుముకోకుండా అబద్ధం చెప్పగలడని నాకు, తెలిసిపోయాయి.

సమీక్ష చివరికి స్వప్నే రాసింది. బాగా రాసింది, మొహమాటం లేకుండా. చివరి రెండు పాటలు ఒకే పాటను రెండుసార్లు విన్నట్టున్నాయంది. అత్తయ్య నాతో చదివించుకుని, "నిజమే. రెండోది వీడు పెట్టుమంటే పెట్టిన," అని హరీష్‌ను చూపించింది. తరువాత, మెచ్చుకున్న పేరా ఇంకోసారి చదవమంది.

జనవరి ఆఖర్లో మా పుట్టింటి ఊరు కోదాడలో నా కాలేజీ స్నేహితులు ఒక చిన్న హాలులో అత్తయ్య పాట కచేరీ పెట్టించారు. మొదటిసారి మనుషుల ఎదుట. స్వప్న హైదరాబాద్ నుంచి వచ్చింది. కుర్చీలు చాలక కుర్రాళ్ళు గోడకానుకుని నిలబడ్డారు. అత్తయ్యను కారులో తీసుకొచ్చింది మామయ్యే, ఎప్పటిలాగే తెల్లచొక్కాలో. నేను గేటు దగ్గర ఎదురెళ్ళి లోపలికి రమ్మంటే, ఇక్కడ ఒక విత్తనాల షాపాయనతో పని ఉందని, అయిపోయాక ఫోన్ చెయ్యమని వెళ్ళిపోయాడు. ఆదివారం ఏ విత్తనాల షాపు తెరిచి ఉంటుందో నేను అడగలేదు.

మొదటి పాట వణికింది. రెండో పాటకు నిలదొక్కుకుంది. 'పడక్కుర్చీ' అయిపోయాక చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి. అప్పుడు వెనక తలుపు దగ్గర ఒక తెల్లచొక్కా కనపడినట్టయింది. నేను మెడ చాచి చూసేలోపు ముందు నిలబడ్డవాళ్ళు అడ్డమొచ్చారు. అప్పుడే ఎన్నికలైపోయిన జిల్లాలో తెల్లచొక్కాలకు కొదవ లేదు. మామయ్యే అని ఒట్టేసి చెప్పలేను.

ముందు వరసలో కూర్చున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది. కోదాడ పిల్లే, మాట తీరు మావైపుదే.

"అమ్మా, ఈ పాట ఎవరి గురించి రాశారండీ? చెబుతారా?"

హాలంతా అత్తయ్య వైపు చూసింది. హరీష్ ల్యాప్‌టాప్ మీదికి వంగిపోయాడు. నేను అనుకోకుండా మళ్ళీ వెనక తలుపు వైపు చూశాను.

అత్తయ్య మైకు కొంచెం దగ్గరికి లాక్కుంది.

"అడిగితే చెప్పేదాన్నే అయితే," అంది, "పాటెందుకు కడత బిడ్డా?"

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. గ్లాసెడు నీళ్ళు నెమ్మదిగా తాగింది. పమిటతో మూతి తుడుచుకుని, గోపి వైపు చూసి, ఇక వాయించమని తలూపింది.